గుర్రాల లెక్క చెప్పారు, హౌసింగ్ లెక్క వదిలేశారు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌కు ఈ కాలపు 5 లీటర్ల కొయోటీ ఇంజన్ (ఫోర్డ్ వారి ఎనిమిది సిలిండర్ల వీ8) ఎక్కించడం మీద పెద్ద వ్యాసం వేశారు. షాక్ టవర్లు (ముందు స్ప్రింగులు ఆనే ఇనుప గూళ్లు) కోసేస్తే తప్ప ఆ ఇంజన్ వెడల్పు పట్టదనీ, వైరింగ్ ఎటునుంచి లాగాలనీ, రేడియేటర్ ఎంతది కావాలనీ ఓపిగ్గా రాశారు. అంతవరకూ బాగుంది. వెనుక యాక్సిల్, దాన్ని మూసి పట్టే ఇనుప తొడుగు హౌసింగ్, వీటి దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టారు: 500 హార్స్‌పవర్ దాకా పాతది ఆగుతుందట, దాటితే 9 అంగుళాలది (లోపలి పెద్ద పళ్లచక్రం, అంటే క్రౌన్, 9 అంగుళాల వ్యాసం ఉన్న ఫోర్డ్ యాక్సిల్) కొనుక్కోవాలట. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఈ పాత కార్ల సరదా ఉన్నవాళ్లు వారాంతాల్లో గరాజ్‌లో ఇదే పని చేస్తుంటారు. ఆ వాక్యాన్ని నమ్మి డబ్బు పెడితే నష్టపోతారు. 350 గుర్రాలకే (హార్స్‌పవర్‌కే) విరిగే యాక్సిల్ ఉంటుంది, 450కీ విరగనిదీ ఉంటుంది. హార్స్‌పవర్ చూసి యాక్సిల్ ఎంచుకోవడమంటే ఇంటి అద్దె చూసి చెప్పుల సైజు చెప్పడం లాంటిది.

ముందుగా ఒక సంగతి. ఒకే బాడీ కింద ఫోర్డ్ కంపెనీయే మూడు రకాల యాక్సిళ్లు పెట్టింది. 1965, 66 మస్టాంగ్‌లో ఆరు సిలిండర్ల ఇంజన్ ఉంటే వెనుక ఏడుంబావు అంగుళాల క్రౌన్ ఉన్న చిన్న యాక్సిల్, చక్రానికి నాలుగే బోల్టులు. 289 ఘనపు అంగుళాల వీ8 ఉంటే 8 అంగుళాలది, ఐదు బోల్టులు. అదే 289లో 271 గుర్రాల కే-కోడ్ ఇంజన్ ఉంటే 9 అంగుళాలది. అంటే 225 గుర్రాల ఇంజన్‌కు చాలిన యాక్సిల్‌ను 271 గుర్రాల దానికి చాలదని ఆ కారు తయారు చేసినవాళ్లే పక్కన పెట్టారు. అప్పటి టైర్లు సన్నవి, రోడ్డును పట్టేవి కావు. అయినా వాళ్లకు ఆ జాగ్రత్త అవసరమనిపించింది.

ఇక లెక్క. యాక్సిల్‌ను విరిచేది హార్స్‌పవర్ కాదు, టార్క్, అంటే మెలితిప్పే బలం. అదీ ఇంజన్ దగ్గరిది కాదు, గేర్లన్నీ దాటి వెనక్కి చేరేది. 200 గుర్రాల పాత 289 గరిష్ఠ టార్క్ 282 పౌండ్-అడుగులు. నాలుగు గేర్ల మాన్యువల్ పెట్టెలో మొదటి గేరు 2.78, వెనుక రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగాల్సిన చుట్లు) 3.00 అనుకుంటే, 282ను 2.78తో, ఆ వచ్చినదాన్ని 3తో హెచ్చవేస్తే సుమారు 2,350. 2011 నాటి తొలి కొయోటీ 412 గుర్రాలది, టార్క్ 390. ఐదు గేర్ల కొత్త పెట్టెలో మొదటి గేరు 2.87, వెనుక 3.55 వేస్తే సుమారు 3,970. ఇంజన్ టార్క్ పెరిగింది నూటికి 40 లోపే, యాక్సిల్ మీదికి వెళ్లగలిగే బలం పెరిగింది నూటికి దాదాపు 70. మీ వ్యాసంలో గేర్‌బాక్స్ మార్పు ఒక పేరాలో, యాక్సిల్ ఇంకో పేరాలో ఉన్నాయి కానీ రెండిటికీ మధ్య వంతెన వేయలేదు.

అయితే ఆ 3,970 మొత్తం యాక్సిల్ చూస్తుందా? చూడదు. టైరు ఎంత పట్టుకుంటే అంతే యాక్సిల్‌కు తెలుస్తుంది, మిగతాది పొగగా పోతుంది. కారు బరువు 3,000 పౌండ్లు, బయల్దేరేటప్పుడు అందులో 1,800 వెనుక చక్రాల మీద పడుతుందనుకుందాం. మామూలు రేడియల్ టైరు పట్టు 0.8, టైరు వ్యాసార్ధం 13 అంగుళాలు, అంటే 1.08 అడుగు. మూడూ హెచ్చవేస్తే 1,555. ఉజ్జాయింపు లెక్కే, కానీ ఒక సంగతి తేలిపోతుంది. మామూలు టైర్ల మీద పాత ఇంజన్ కూడా మొదటి గేరులో చక్రాన్ని తిప్పి పారేయగలదు, కొత్తదీ అంతే. యాక్సిల్ చూసేది రెండు సందర్భాల్లోనూ 1,555 చుట్టుపక్కలే. ఇప్పుడు కొత్త ఇంజన్ ఉన్న కారుకు డ్రాగ్ రేడియల్స్ (పందేలకు వాడే, నేలను బాగా పట్టే టైర్లు) వేయండి. పట్టు 1.3కు ఎక్కుతుంది, బరువు ఇంకాస్త వెనక్కి వాలి 2,100 అవుతుంది. లెక్క 2,950కి చేరుతుంది. ఇంజన్‌లో ఒక్క బోల్టు ముట్టుకోకుండా, టైర్లు మార్చినందుకే యాక్సిల్ మీద భారం దాదాపు రెట్టింపు. కాబట్టి ఎవరైనా ‘నాకు 9 అంగుళాలది కావాలా’ అని అడిగితే మొదట అడగాల్సింది ఇంజన్ సంగతి కాదు, ఏ టైర్లు వేస్తున్నావని.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది మామూలు టైర్ల మీదా కొంప ముంచుతుంది. మస్టాంగ్ వెనుక ఉన్నవి కమాన్ కట్టలు. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే హౌసింగ్ ముక్కు పైకి లేవబోతుంది, కమాన్ కట్ట ముందు సగం పాములా వంపు తిరుగుతుంది. మెలిక హద్దు చేరగానే టైరు పట్టు వదిలేస్తుంది, కట్ట విదిలించుకుని వెనక్కి వస్తుంది, టైరు మళ్లీ నేలను పట్టుకుంటుంది. సెకనుకు కొన్నిసార్లు ఇదే వరస. కారు వెనుక భాగం కప్పలా ఎగురుతుంది. గాలిలో వేగంగా తిరుగుతున్న చక్రం నేలను తాకి ఉన్నట్టుండి ఆగిన ప్రతిసారీ చక్రాన్ని తిప్పే ఉక్కు కడ్డీ, అంటే షాఫ్ట్‌కు సమ్మెట దెబ్బ తగులుతుంది. పై లెక్కలోని 1,555 కాదు, అంతకు ఎన్నో రెట్ల దెబ్బ. చాలా 8 అంగుళాల యాక్సిళ్లు చచ్చేది ఇలాగే. అందువల్ల 300 గుర్రాల చుట్టుపక్కల ఇంజన్, మామూలు టైర్లు ఉన్నవాళ్లు ముందు కమాన్ కట్టల ముందు బుష్‌లు మార్చి, ట్రాక్షన్ బార్లు (కట్ట మెలి తిరగకుండా ఆపే కడ్డీలు) బిగిస్తే పాత 8 అంగుళాలది ఇంకా చాలాకాలం నడుస్తుంది. ఖర్చు పదో వంతు కూడా కాదు. ఈ మాట చెబితే విడిభాగాల దుకాణం వాళ్లకు నచ్చదు కానీ నిజం అదే.

పాత షాఫ్ట్ ఎంత అలిసిపోయిందో కంటితో చూడొచ్చు. చక్రం, డ్రమ్ తీసేసి, బ్యాకింగ్ ప్లేటు పట్టిన నాలుగు నట్లు విప్పితే షాఫ్ట్ బయటికి వస్తుంది. రాకపోతే స్లైడ్ హ్యామర్ (జారే బరువుతో బయటికి లాగే పనిముట్టు) కావాలి. లోపలి కొసన ఉన్న స్ప్లైన్లను (పొడవాటి గాడులను) గుడ్డతో తుడిచి, షాఫ్ట్‌ను కంటి ఎత్తున పెట్టి పొడవునా చూడండి. గాడులు తాడు కట్టినట్టు తిన్నగా ఉండాలి. ఏ కొంచెమైనా జడ అల్లినట్టు మెలి తిరిగాయంటే ఉక్కు తన హద్దు దాటింది, ఇక అది మళ్లీ తిన్నగా రాదు. అనుమానమైతే ఒక గాడిలో సుద్దముక్క గీసి స్కేలు ఆనించి చూడొచ్చు. విరిగిన ముక్క దొరికితే దాని ముఖం చూడండి. ఎండిన చెరువు గట్టున నీటిచారల్లా వరసగా గీతలు ఉంటే అది ఎన్నో నెలలుగా పగులుతూ వచ్చింది. మొత్తం గరుగ్గా, బూడిదరంగుగా ఉంటే ఒక్క దెబ్బకే పోయింది. మొదటిదానికి గీకుడో తుప్పో కారణం. రెండోదానికి టైరో, డ్రైవరు కాలో కారణం.

షాఫ్ట్ లావు సంగతి. 28 స్ప్లైన్ల షాఫ్ట్ వ్యాసం సుమారు 1.2 అంగుళాలు, 31 స్ప్లైన్లది 1.32, 35 స్ప్లైన్లది 1.5. మెలితిప్పే బలాన్ని తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 28 నుంచి 31కి వెళితే మూడో వంతు ఎక్కువ, 35కి వెళితే దాదాపు రెట్టింపు. స్టాకు 8 అంగుళాల యాక్సిల్లో 28 స్ప్లైన్లే. ఇక్కడే చాలామంది మోసపోతారు. 9 అంగుళాలది కదా అని పాత ఇనుప సామాన్ల యార్డులో కొని తెస్తారు, తీరా తీసి చూస్తే లోపల అవే 28 స్ప్లైన్లు ఉంటాయి. కే-కోడ్ కారులో వచ్చిన 9 అంగుళాలదీ 28దే. క్రౌన్ పెద్దదైంది కానీ షాఫ్ట్ అంతే ఉంది. ఫోర్డ్ 428 కోబ్రా జెట్ ఇంజన్ కార్లలో వచ్చిన 31 స్ప్లైన్లది దొరికితే అదృష్టం. దాని డిఫరెన్షియల్ కేసు మీద ‘ఎన్’ అక్షరం పోతపోసి ఉంటుంది, గట్టి నాడ్యులర్ ఇనుమని గుర్తు. దొరికినా ధర వినలేం. ఆ డబ్బులో కొత్త కేసు, కొత్త షాఫ్టులు వచ్చేస్తాయి.

8దో 9దో కారు కింద పడుకుని ఎలా తెలుసుకోవాలి? క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్ ఉన్న ముద్ద రెండిటిలోనూ ముందువైపు నుంచి ఊడి వస్తుంది. దాని అంచున ఉన్న నట్లకు సాకెట్ పెట్టి చూడండి. అడుగున ఉన్న రెండు నట్లకూ సాకెట్ నేరుగా కూర్చుంటే 8 అంగుళాలది. కేసు అడ్డం వచ్చి రింగు పానాతోనే విప్పాల్సి వస్తే 9 అంగుళాలది. రేషియో కోసం తలుపు మీది రేకులోని కోడ్‌ను నమ్మొద్దు. అరవై ఏళ్లలో ఎవరేం మార్చారో ఎవరికి తెలుసు! ఒక వెనుక చక్రం నేల మీద ఉంచి, రెండోది జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. రెండు చుట్లు ఎందుకంటే ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు డిఫరెన్షియల్ రెండో చక్రాన్ని రెట్టింపు తిప్పుతుంది. ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టడం మరవొద్దు, లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే ఉట్టినే తిరిగిపోకుండా ఆపే డిఫరెన్షియల్) ఉన్న కారుకు ఈ ఉపాయం పనిచేయదు.

వెడల్పు దగ్గర మీ వ్యాసంలో ఒక పొరపాటు దొర్లింది. ‘మస్టాంగ్ యాక్సిల్’ అంటూ ఒకే కొలత ఇచ్చారు. ఫ్లాంజి (చక్రం బిగించే పళ్లెం) ముఖం నుంచి ఫ్లాంజి ముఖానికి 1965, 66 కార్లకు 57.25 అంగుళాలు, 1967 నుంచి 70 దాకా 59.25, 1971 నుంచి 73 దాకా 61.25. మీరు వేసిన 59.25 హౌసింగ్‌ను 66 కారు కింద పెడితే చక్రం ఒక్కో పక్కా అంగుళం బయటికి వచ్చి ఫెండర్ పెదవిని గీకుతుంది. డిస్కు బ్రేకులతో సహా వస్తుందని లింకన్ వెర్సైల్స్ కారు 9 అంగుళాలది వెతుకుతారు కొందరు. దాని వెడల్పు 58.5, అంటే 66 కారుకు పక్కకు అయిదు-ఎనిమిదో వంతు అంగుళం ఎక్కువ. లోపలికి ఎక్కువగా కూర్చునే చక్రాలు ఎంచుకుంటే సర్దుకుంటుంది. కొలిచేటప్పుడు డ్రమ్ములు తీసేసి ఫ్లాంజిల మీదే కొలవండి. ఇంకో మాట: చక్రాలు, టైర్లు ముందు కొని, కారు బరువు నేల మీద ఉండగా ఫెండర్ నుంచి తూకపు గుండు వేలాడదీసి చూసి, ఆ తర్వాత హౌసింగ్ ఆర్డరివ్వాలి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. కమాన్ కట్టల మధ్య దూరం మాత్రం 65 నుంచి 70 దాకా 43 అంగుళాలే.

హౌసింగ్‌ను కురచ చేయించేవాళ్లకు ఒక హెచ్చరిక. 9 అంగుళాల దాంట్లో పినియన్ హౌసింగ్ నడిమధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. రెండు ట్యూబులూ సమానంగా కోస్తే పినియన్ కారు నేల కింది టన్నెల్‌లో తప్పుడు చోట కూర్చుంటుంది. ఏ పక్క ఎంత కోయాలో కారు కింద కొలిచి రాసుకోవాలి. ఫ్యాక్టరీ షాఫ్టుల్లో చాలావాటికి స్ప్లైన్ల వెనుక నడుము సన్నబడుతుంది. అలాంటివాటిని కోసి లేత్ మీద కొత్త స్ప్లైన్లు వేయించబోతే సరిపడా ఉక్కు మిగలదు.

ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండి 8.8 అంగుళాల యాక్సిల్‌ను మీరు ప్రస్తావించనే లేదు, అది అన్యాయం. 1995 నుంచి 2001 దాకా వచ్చినవాటిలో 31 స్ప్లైన్ల షాఫ్టులు, డిస్కు బ్రేకులు, తరచుగా 3.73 రేషియో, లిమిటెడ్ స్లిప్ కూడా దొరుకుతాయి. స్క్రాపు యార్డు ధర. తక్కువ డబ్బుతో రోడ్డు మీద నడిపే కారుకు ఇది మంచి బేరం. లోపాలు రెండు. పినియన్ పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి పొడవాటి పక్క ట్యూబును కోసి, రెండు పక్కలా పొట్టి షాఫ్టులే వేసి నడుమకు తెస్తారు. రెండోది, ఇందులో షాఫ్ట్‌ను పట్టి ఉంచేది లోపలి కొసన ఉండే చిన్న ‘సీ’ ఆకారపు క్లిప్పు. షాఫ్ట్ విరిగితే చక్రంతో సహా బయటికి జారిపోవచ్చు. 9 అంగుళాల దాంట్లో బేరింగ్‌ను, దానితో పాటు షాఫ్ట్‌ను బయటి కొసన ప్లేటు పట్టి ఉంచుతుంది. లోపల స్ప్లైన్ల దగ్గర విరిగినా చక్రం కారుతోనే ఉంటుంది. పందెం ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు ఈ ఒక్క కారణానికే 9 వైపు మొగ్గుతారు.

9 అంగుళాల దాని గట్టిదనానికి అసలు మూలం క్రౌన్ సైజు ఒక్కటే కాదు. పినియన్ తల ముందు రెండు బేరింగులు ఉంటే, తలకు అవతల ఇంకో చిన్న బేరింగు ఉంటుంది. రెండు పక్కలా పట్టుకోవడంతో బరువు పడ్డప్పుడు పినియన్ క్రౌన్‌కు దూరంగా ఒరగదు, పళ్లు కొసల మీద నిలబడవు. పినియన్ నడిమి గీతకు బాగా దిగువన ఉండటం వల్ల పళ్లు ఎక్కువ మేర తాకుతాయి. అదే దాని లోపం కూడా: రాపిడి ఎక్కువ, వేడెక్కువ, ఇంజన్ బలంలో కొంత అక్కడే కరిగిపోతుంది. ఉట్టినే 9 వేసుకోకూడదనడానికి అదొక కారణం. 1957 నుంచి 1986 దాకా ఫోర్డ్ కార్లలో, ట్రక్కుల్లో వచ్చింది కాబట్టి విడిభాగాలకు కొదవ లేదు.

రేషియో ఎంపికలో వ్యాసకర్త 4.11 సిఫార్సు చేశారు. 26 అంగుళాల టైరుతో గంటకు 70 మైళ్ల దగ్గర 4.11తో టాప్ గేరులో ఇంజన్ 3,700 చుట్లు తిరుగుతుంది, చెవులు దిబ్బడ వేస్తాయి. 0.68 ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ చుట్లు తగ్గించే పై గేరు) ఉంటే 2,530కి దిగుతుంది, భరించొచ్చు. 3.55తో ఓవర్‌డ్రైవ్‌లో 2,180. రోడ్డు కారుకు అదే చక్కగా కుదురుతుంది. ఓవర్‌డ్రైవ్ లేని మూడు గేర్ల ఆటోమేటిక్‌కు 4.11 వేసుకుంటే హైవే మీద నెల తిరక్కముందే విసుగొస్తుంది. ఇంకో కోణం: రేషియో సంఖ్య పెరిగేకొద్దీ పినియన్ చిన్నదవుతుంది, పళ్లు తగ్గుతాయి, ఒక్కో పన్ను మీద భారం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు పని, క్రౌన్-పినియన్ కూర్చోబెట్టడం. విజయవాడ ఆటోనగర్‌లో లారీ హౌసింగ్ కట్టే మేస్త్రీకి ఇది కొత్త కాదు, కానీ 9 అంగుళాల దాంట్లో ఒక తిరకాసు ఉంది. మామూలు యాక్సిళ్లలో, ఉదాహరణకు షెవర్లే 12 బోల్టుల దాంట్లో, షిమ్ము (సన్నటి రేకు చుట్ట) పినియన్ తలకూ బేరింగుకూ మధ్య పడుతుంది. షిమ్ము పెంచితే పినియన్ క్రౌన్ దగ్గరికి వెళుతుంది. ఇక్కడ పినియన్ ఒక విడి సపోర్టులో కూర్చుని, ఆ సపోర్టు ముందు నుంచి ఐదు బోల్టులతో కేసుకు బిగుస్తుంది. షిమ్ము పడేది ఆ రెండిటి మధ్య. పెంచితే పినియన్ దూరం జరుగుతుంది. మామూలు యాక్సిళ్ల అలవాటుతో ఈ పని చేసినవాళ్లు పళ్ల మీద తాకుడు గుర్తు లోతుగా పడుతోందని షిమ్ము తీసేస్తారు, అది మరింత లోతుకు పోతుంది, మళ్లీ తీస్తారు.

మొదట పినియన్ బేరింగుల బిగువు. సపోర్టు విడిగా ఉంటుంది కాబట్టి బల్ల మీదే అంగుళం-పౌండ్ల టార్క్ పానాతో తిప్పి చూడొచ్చు. కొత్త బేరింగులకు 15 నుంచి 30 మధ్య, పాతవాటికి 8 నుంచి 14. నలిగే స్లీవ్ వాడితే నట్టు బిగించేకొద్దీ బిగువు ఉన్నట్టుండి పెరుగుతుంది. ఎక్కువైందని నట్టు వెనక్కి వదిలితే కుదరదు, కొత్త స్లీవ్ వేయాలి. పెద్ద ఇంజన్‌కు నలగని గట్టి స్పేసరే నయం. క్రౌన్ బోల్టులు పదికీ ఎర్ర లాకింగ్ జిగురు రాసి, ఎదురెదురుగా, 65 నుంచి 80 పౌండ్-అడుగులకు బిగించాలి. బేరింగు క్యాపులు కేసుతో పాటే బోరు చేసినవి, కుడిది ఎడమకు వేస్తే బేరింగ్ వంకరగా కూర్చుంటుంది. విప్పేముందే సుత్తి, సెంటర్ పంచితో చుక్కలు గుర్తు పెట్టుకోండి.

పళ్ల మధ్య ఖాళీని పక్కల ఉండే గుండ్రటి నట్లతో సర్దుతారు. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని అంతే బిగిస్తే క్రౌన్ జరుగుతుంది. డయల్ గేజి ముల్లును పంటికి నిటారుగా ఆనించి నాలుగు చోట్ల చూడండి. 8 నుంచి 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) మధ్య రావాలి. గేరు మీద తయారీదారు సొంత అంకె చెక్కి ఉంటే అదే పాటించాలి. తర్వాత గుర్తు చూడటం. పసుపు ముద్దలా ఉండే లేపనాన్ని మూడు నాలుగు పళ్లకు గడపకు పూసినట్టు పలచగా పూసి, క్రౌన్‌ను చేత్తో అదిమిపట్టి భారం ఇస్తూ పినియన్‌ను ముందుకీ వెనక్కీ తిప్పండి. పంటి ఎత్తులో నడుమ పడాలి. పైకొసకు పడితే పినియన్ దూరంగా ఉంది, షిమ్ము తగ్గించండి. పంటి మొదట్లోకి దిగితే దగ్గరగా ఉంది, షిమ్ము పెంచండి. పొడవునా ఒక కొసకే పడుతుంటే ఖాళీ సర్దాలి. ఒకసారికి ఒకటే మార్చండి. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల ఏమైందో బ్రహ్మకు కూడా తెలియదు. చేతకాకపోతే సిగ్గుపడక కట్టి ఇచ్చినదాన్నే కొనుక్కోవడం మేలు. తప్పుగా కట్టిన గేరు మొదటిరోజే ఊళపెడుతుంది, ఆ ఊళ ఆయిల్ పోస్తే పోదు.

బయటి బేరింగును, దాని వెనుక పట్టుడు రింగును ప్రెస్సు మీద ఎక్కించేటప్పుడు రెండూ కలిపి ఎక్కించకండి. బేరింగు ముందు, అది పూర్తిగా కూర్చున్నాక రింగు విడిగా. ప్లేటు ముందే షాఫ్ట్ మీద ఉందో లేదో చూసుకోండి. అది మరిచిపోయి మళ్లీ బేరింగ్ కోసేయాల్సి వచ్చిన షాఫ్టు ప్రతి వర్క్‌షాపు మూలనా ఒకటి ఉంటుంది.

కమాన్ కట్ట ఆనే గద్దెలు కొత్త హౌసింగ్‌కు వెల్డింగ్ చేసేముందు యాక్సిల్‌ను కారు కింద పెట్టి, బరువంతా చక్రాల మీద ఉండగా కోణం చూసి నాలుగు చుక్కలు మాత్రమే పెట్టాలి. వేగం పుంజుకునేటప్పుడు ముక్కు పైకి లేస్తుంది కదా, కాబట్టి గేర్‌బాక్స్ షాఫ్ట్‌కు సమాంతరంగా ఉండే చోటు కంటే 2, 3 డిగ్రీలు కిందికి వాలేలా ఉంచాలి. తర్వాత దించి పూర్తి వెల్డింగ్. అదీ ఒక పక్క అంగుళం, ఎదురు పక్క అంగుళం, చల్లారనిచ్చి మళ్లీ. ఒకే ఊపున చుట్టూ వేస్తే ట్యూబు వంగుతుంది, చక్రాలు చెరో దిక్కు చూస్తాయి, షాఫ్ట్ సీలు నెల తిరక్కుండా కారుతుంది. ట్యూబు లావు మారితే యూ బోల్టులు, షాక్ ప్లేట్లు కూడా మారతాయి. పాత యూ బోల్టులను సాగదీసి వాడటం కక్కుర్తి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు చివర్లో కొలవండి, అదీ కారు నేల మీద ఉండగా. గేర్‌బాక్స్‌లోకి వెళ్లే యోక్‌ను పూర్తిగా లోపలికి నెట్టి అంగుళం వెనక్కి లాగి, జాయింట్ నడుమ నుంచి జాయింట్ నడుమకు కొలత తీసుకోవాలి. ఖాళీ లేకుండా తయారు చేయిస్తే గుంతలో పడ్డప్పుడు షాఫ్ట్ గేర్‌బాక్స్ వెనుక భాగాన్ని గుద్దుతుంది. యాక్సిల్‌కు ఘనంగా ఖర్చు పెట్టి పాత చిన్న యూ జాయింట్ ఉంచేస్తే ఇక విరిగేది అదే. అది విరిగినప్పుడు షాఫ్ట్ ముందు కొస కిందికి పడకుండా ఇనుప పట్టీ ఒకటి కట్టుకోవాలి. హౌసింగ్ మీద గాలి రంధ్రం పెట్టించారో లేదో చూడండి. అది లేకపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లను దాటి బ్రేకు లైనింగుల మీదికి వస్తుంది. అప్పుడు సీలు కంపెనీని తిట్టడం పరిపాటి.

మన రాష్ట్రాల్లో పాత జీపులకు, అంబాసిడర్లకు ఇదే తరహా పని చేద్దామనుకునే పాఠకులకు ఒక్క మాట. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితాల్లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడం చట్టవిరుద్ధం. ఇంజన్ మార్చాలంటే ముందే ఆర్టీవో అనుమతి కావాలి. అమెరికా రాష్ట్రాల నిబంధనలు చూసి అక్కడ చేస్తే కుదరదు.

చివరగా మీరు సవరించాల్సినది ఒకటి. వ్యాసంలో గేర్ ఆయిల్ లీటరున్నర అని అచ్చయింది. 9 అంగుళాల దానికి సుమారు 5 పింట్లు, అంటే 2.4 లీటర్ల దగ్గర. జీఎల్-5 రకం, 80డబ్ల్యూ-90. నింపే రంధ్రం అంచుదాకా రావాలి. క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ అయితే ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపాలి, పళ్లతోనే పనిచేసే రకానికి కలపకూడదు. కొత్త గేర్లను మొదటిరోజు 15, 20 మైళ్లు నెమ్మదిగా నడిపి అరగంట చల్లారనివ్వాలి. 500 మైళ్ల తర్వాత ఆ ఆయిల్ పారబోసి కొత్తది పోయాలి. లీటరున్నర పోసి బండి నడిపితే పినియన్ ముందు బేరింగుకు ఆయిల్ సరిగా చేరదు. వ్యాసం చదివి ఈపాటికే ఎవరైనా పోసి ఉండొచ్చు, కాబట్టి వచ్చే ఆదివారం దాకా ఆగకుండా రేపటి పత్రికలోనే సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
డియర్‌బోర్న్, మిషిగన్